నాలుగో ఫొటో కింద మూడో ట్యాంకు

హలో… ఆ, నేనే. నేనే వదినా.

అవును, నేనే చేశాను. ముందు నేనే చేశాను, మీరే గెలిచారు, సరేనా? ఆ సంగతి తర్వాత మాట్లాడుకుందాం. మీరిప్పుడు మిల్లులోనే ఉన్నారా?

…రంగులు సరిచూసే ఆ షేడ్ రూములోనేనా?

హమ్మయ్య.

…లేదు, పరిగెత్తట్లేదు. టౌన్ ఆఫీసులో, నా బల్ల దగ్గరే ఉన్నా. కూర్చున్న చోటే ఆయాసం వస్తోంది.

వదినా, ఒకటి అడుగుతాను. ఎందుకని అడక్కుండా చెప్పండి. రంగుల హాల్లో ఇవాళ ట్యాంకులోకి ఎవరైనా దిగారా?

…ఎందుకో చెప్తాను. దిగారా, లేదా?

…నన్ను తిట్టాలంటే సాయంత్రం ఇంటికి రండి. తలుపు తీసి, కుర్చీ వేసి మరీ తిట్టించుకుంటా. ఇప్పుడు మాత్రం ఒక్కసారి లేచి, మీ గది అద్దంలోంచి హాల్లోకి చూడండి.

…ఇంకెవరిని అడగను? మేనేజరు ఫోను ఎంతసేపటికీ ఎంగేజే. బాయిలరు రూముకి చేస్తే మోగీ మోగీ ఆగిపోయింది. మన కుంపటి బాబాయి చెవులకి ఆ డిప్పలు తగిలించుకుని కూర్చుంటాడుగా, పక్కన పిడుగు పడినా వినపడదు. గేటుకి చేశాను. 'లైన్లో ఉండమ్మా' అని పోయాడు సెక్యూరిటీ ఆయన, పోయినవాడు పోయినట్టే. హాల్లోకి ఎవరినీ ఫోన్లు తీసుకెళ్ళనివ్వరు. ఆ చుట్టుపక్కల ఫోనుండేది మీ గది ఒక్కదాన్లోనే. అందుకే…

…అవును, అందుకే చేశాను. లేకపోతే చేసేదాన్ని కాదు. నిజమే. చాలా?

…చూశారా?

…ఏంటి, లీకా? ఏ ట్యాంకు?

మూడోదా?

వదినా, సరిగ్గా చెప్పండి. మూడోదేనా? దాని మూత తీసుందా?… నిచ్చెన వేసుందా?… లోపల్నుంచి వెలుతురు కనపడుతోందా?

అయ్యో.

అయ్యో, అయ్యో…

…చెప్తాను, చెప్తాను. లోపల ఎవరు? ముసలి ఫిట్టరేగా?… సెలవా? ఆయన సెలవు పెడితే మరి ఎవరు దిగారు?

…ఎవరన్నారు?

కాదు వదినా. మీరు పొరపాటు పడ్డారు. మా ఆయన మగ్గాల షెడ్డులో కదా ఉండాలి. పొద్దున ఇంట్లో క్యారేజీ సర్దుకుంటూ కూడా మగ్గాల షెడ్డుకే అన్నారు.

…పిలిపించారా?

మీ తమ్ముణ్ణే పిలిపించారా?

…ఉన్నాను. వింటున్నాను.

వదినా, ఆయన్ని బయటికి రమ్మనండి. ఇప్పుడే. ఈ క్షణమే. మీరు లేవండి ముందు.

…తాళం వేసుకునే దిగాడంటారా? నాకు తెలుసు వేసుంటారని! స్టీము వాల్వు మూసి, దానికి తన తాళం వేసి, చెవి జేబులో వేసుకుని దిగుతారు ఫిట్టర్లు. అదే కదా నా ఏడుపు! ఆ తాళం వేరే వాల్వుకి ఉంది వదినా. మూడో ట్యాంకు వాల్వు తెరిచే ఉంది. ఆయన నాలుగోదానికి తాళం వేసుకుని మూడోదాన్లోకి దిగారు!

…నాకెలా తెలుసంటే… నేను రాశాను కాబట్టి తెలుసు.

…నేనే వదినా. వాల్వుల ఫైలు. ఆ రోజు భోజనాల దగ్గర మీరు నవ్వారు చూడండి, బొమ్మల కింద పేర్లు రాయడం కూడా ఒక ఉద్యోగమేనా అని… ఆ బొమ్మలే. ఆ పేర్లే.

…నేనేం దెప్పట్లేదు! ఇది దెప్పే టైమా? ఏ ఫైలో మీకు తెలియాలని చెప్తున్నా!

మీరు నడుస్తూ వినండి. ఫోను చేతిలోనే పట్టుకోండి, పెట్టేయకండి.

…ఫోను తీసుకెళ్తే ఏమంటారు? ఉద్యోగం తీసేస్తారా? నాది ముందు తీసేస్తార్లెండి, మీకు తోడుగా ఉంటా. నడవండి!

ఆ… వినండి. పోయిన వారం పెయింటరు వచ్చి వాల్వులన్నిటికీ పసుపు రంగు పూసి వెళ్ళాడా… పూసేటప్పుడు వాటికున్న నంబరు బిళ్ళలు పీకి డబ్బాలో పడేశాడా… ఇంకా ఎవరూ తగిలించలేదు. ఆ గోడకున్న వాల్వులన్నీ ఇప్పుడు అచ్చం ఒకటే. ఏది ఏ ట్యాంకుదో తెలియాలంటే, గోడకి తగిలించిన ట్యాబులో నా ఫైలు చూడాల్సిందే. ప్రతి ఫొటోలోనూ అదే గోడ, అవే వాల్వులు. ఒక్కో ఫొటోలో ఒక్కో వాల్వు మీద ఎర్ర బాణం గీశాను. ఏ ట్యాంకుదో కింద పేరు రాశాను. ఆ పేరు ఒక్కటే ఆధారం.

…బాగానే రాశాను. రాసినప్పుడు బాగానే ఉంది!

నిన్న మేనేజరు మొదటి పేజీలో జాగ్రత్తలు పెట్టమన్నాడు. హెల్మెట్టు పెట్టుకోండి, తాళం వేసుకోండి, ఒంటరిగా దిగకండి అని, పెద్ద పెద్ద ఎర్ర అక్షరాల్లో. పెట్టాను. ఫొటోలు అటూ ఇటూ కదలకుండా నేను అంతకుముందే పేజీకి బిగించేశాను వదినా, ఆ ఫైల్లో అలా ఒక ఏర్పాటు ఉంటుంది. అవి బిగించినచోటే ఉన్నాయి. కింద పేర్లు మాత్రం ఉత్త అక్షరాలు కదా, పైన ఎర్ర అక్షరాలు వచ్చి పడేసరికి అన్నీ కిందికి జారిపోయాయి. మూడో ట్యాంకు పేరు వెళ్ళి నాలుగో ట్యాంకు ఫొటో కింద కూర్చుంది.

…చూసుకోలేదు.

…చూసుకోలేదు వదినా. మొదటి పేజీ ఒక్కటే చూశాను. అక్షరాలు ఎర్రగా, అందంగా ఉన్నాయనుకుని మూసేశాను. జాగ్రత్తలు రాసి మనిషిని ముంచాను.

ఎక్కడిదాకా వచ్చారు?

…ఇంకా మీ గుమ్మం దగ్గరేనా! నిలబడి వింటున్నారా? నేను నడవమన్నాను కదా!… వదినా, పరిగెత్తు! పరిగెత్తు నువ్వు!

…క్షమించండి, పరిగెత్తండి.

ఆ. ఆ… అలా. మీ చెప్పుల చప్పుడు వినపడుతోంది. విడిచేయండి ఆ చెప్పులు, నేల మీద రంగునీళ్ళుంటాయి, జారి పడతారు.

…మరి ఇప్పటిదాకా ఎందుకు కాలిపోలేదంటారా? భోజనాల టైము కదా వదినా, కుంపటి బాబాయి మెయిను స్టీము కట్టేసి ఉంటాడు. అన్ని గొట్టాలూ చల్లగా ఉంటాయి. అందుకే మీ తమ్ముడికి అనుమానం రాలేదు. చెయ్యి పెట్టి చూసినా చల్లగానే ఉంటుంది. గంట కొట్టగానే బాబాయి మెయిను తిప్పుతాడు. అప్పుడు తెలుస్తుంది ఏ వాల్వు తెరిచుందో.

…గంట ఎప్పుడంటే… ఇప్పుడో, ఇంకాసేపట్లోనో. జనం భోజనాల షెడ్డులోంచి లేస్తున్నారా?… చేతులు కడుక్కుంటున్నారా?

అయ్యో దేవుడా.

…బాయిలరుకా? వద్దు. బాయిలరు ఆవరణకి అవతల ఉంది. మీరు అక్కడికి చేరి, ఆయన చెవుల డిప్పలు తీయించి, సంగతంతా విడమర్చి… వద్దు. ట్యాంకు దగ్గరగా ఉంది. ట్యాంకు దగ్గరికే వెళ్ళండి. దారిలో ఎవరు కనపడితే వాళ్ళని బాయిలరుకి తరమండి. 'మెయిను తిప్పొద్దు' అన్న ఒక్క మాట చెప్పి పంపండి. కథంతా చెప్పకండి.

…ఎవరు అరుస్తున్నారు?… ఫోను తెచ్చారనా? సెక్యూరిటీ ఆయనా? ఇందాక నన్ను లైన్లో ఉంచిన మహానుభావుడేగా! ఆయన మీసం చూసి ఆగకండి. ఆయన్నే పంపండి బాయిలరుకి. గట్టిగా చెప్పండి, మీ గొంతుకి అడ్డేముంది…

…వెళ్ళాడా? పరిగెత్తాడా, నడిచాడా?

…నడిచాడా!

సరే. సరే, మీరు పదండి.

నేనిక్కడ పేర్లన్నీ చెరిపేస్తున్నాను వదినా. ఒక్కోటీ సరిచేసే టైము లేదు. మొత్తం చెరిపేస్తున్నా. పేరు లేని బొమ్మ చూస్తే మనిషి భయపడి ఆగుతాడు. తప్పు పేరుంటే ధైర్యంగా చెయ్యి పెట్టేస్తాడు.

…ఎవరో ఆ పేరు చదివారని నాకెలా తెలిసిందంటారా? కనపడుతుంది. మనతోపాటు ఆ ఫైలు చూసేవాళ్ళు ఏ లైను దగ్గర ఉన్నారో, నా తెరమీద చిన్న రంగు గీతలా కనపడుతుంది. మిల్లు ట్యాబు గీత ఆకుపచ్చది. ఇందాక ఇంకో ఫొటో పెడదామని ఫైలు తెరిచాను. ఆ ఆకుపచ్చ గీత సరిగ్గా 'మూడో ట్యాంకు' అన్న మాట పక్కనే ఆగి ఉంది. మినుకు మినుకుమంటోంది. ఎవరో దాని మీద వేలు పెట్టి చదివి వెళ్ళారన్నమాట. అది చూశాకే నా పై ప్రాణాలు పైనే పోయాయి. అది ఆయన వేలని… అనుకోలేదు వదినా. నేనెవరో పరాయివాళ్ళనుకున్నాను. పరాయివాళ్ళనుకునే అంత భయపడ్డాను.

…ఏడవట్లేదు. చేరారా?

…పిలవండి. గట్టిగా. పేరు పెట్టి పిలవండి, నేనెలాగూ పిలవలేను.

…వినపడట్లేదా? ఆ గరగర ఏంటి? గ్రైండింగు మిషనా? లోపల గొట్టం కోస్తున్నారా!

మూత దగ్గర ఒక మనిషి కాపలా ఉండాలి కదా. లేడా?… భోజనానికి పోయాడా? ఆ ఎర్ర అక్షరాలు ఎవరి కోసం రాశాను మరి…

ట్యాంకు మీద దేంతోనైనా బాదండి. ఇనుప ముక్కేదైనా ఉంటే… చేత్తో కాదు వదినా, చేత్తో కొడితే ఏం వినపడుతుంది!

…ఇంకా కోస్తూనే ఉన్నారా?

ప్లగ్గు! వదినా, ఆ మిషను వైరు మూతలోంచి బయటికి వస్తుందిగా, అది ఎక్కడికి పోతోందో చూడండి. దాని వెంట వెళ్ళండి. ప్లగ్గు పీకెయ్యండి. ఏ ప్లగ్గైనా సరే, కనపడ్డవన్నీ పీకెయ్యండి!

…ఆగింది. ఆగిందా?… లైటు కూడా పోయిందా? పోనీండి. చీకట్లో ఉంటే ఉన్నారు.

…తిడుతున్నారా?

హబ్బ. ఎంత బాగా తిడుతున్నారో. తిట్టనివ్వండి.

నిచ్చెన ఎక్కి మూతలోంచి తొంగి చూడండి. మీరేనని చెప్పండి. బయటికి రమ్మనండి.

…నవ్వుతున్నారా? ఎందుకు నవ్వుతారు? 'అక్కా, నీకెందుకు ఈ పని' అంటున్నారా? వదినా, మీ తమ్ముడికి మీరు చెప్తే వినే అలవాటు పుట్టినప్పట్నుంచీ లేదు కదా. నాకివ్వండి. ఫోను లౌడులో పెట్టి మూతలోకి చాచండి. జారవిడవకండి.

పెట్టారా?

ఏవండీ. నేనే. ఏవండీ, బయటికి రండి.

…నేనేనండీ. ఆఫీసు నుంచే. భోజనం చేశాను. లేదు, చెయ్యలేదు. అదంతా ఎందుకు! మీరు ముందు నిచ్చెన ఎక్కండి.

…మీరు తాళం వేశారు, తెలుసు. చెవి మీ జేబులో ఉంది, అదీ తెలుసు. ఆ తాళం ఈ ట్యాంకుది కాదు. నాలుగోదాని వాల్వుకి వేశారు.

…కాదండీ, మీరు చూసింది కరెక్టే. ఫొటో చూశారు, బాణం చూశారు, కింద పేరు చదివారు, చదివినట్టే చేశారు. మీ తప్పు ఒక్క వెంట్రుకంత కూడా లేదు. కింద పేరు తప్పు.

…నేను రాసిందే.

…నేను రాస్తే తప్పుండదని మీకెవరు చెప్పారు?

…ఏవండీ, అలా అనకండి. మీరు హాలంతా చెప్పుకు తిరుగుతారు, మా ఆవిడ రాసిన ఫైలు, కళ్ళు మూసుకుని చెయ్యొచ్చని. నాకు ఎంత సంబరంగా ఉండేదో. ఇప్పుడు ఆ మాటే నా గుండె మీద కూర్చుంది. నన్ను నమ్మే కదా మీరు ఆ గుంటలోకి దిగారు! వేరే ఎవరైనా రాసుంటే రెండోసారి చూసుకునేవారు కదా!

నేను తప్పు రాశాను. తప్పు రాశాను. వినపడిందా? మీ పెళ్ళాం తప్పు రాసింది. పైకి రండి.

…బోల్టులా? బోల్టులు బిగించి వస్తారా? గొట్టం విప్పేసి ఉందా లోపల?

అంటే స్టీము వస్తే నేరుగా ట్యాంకులోకే…

వదిలేయండి! బోల్టులు వదిలేయండి, మిషను వదిలేయండి, ఆ టోపీ కూడా వెతుక్కోకండి! నా మీద ఒట్టు. నా మీద ఒట్టేసి చెప్తున్నా, ఒక్క అడుగు… రెండు చేతులూ నిచ్చెన మీద పెట్టండి—

అదేంటి?

అది గంటేనా?

వదినా, అది గంటేనా! సెక్యూరిటీ చేరాడా బాయిలరుకి? ఎవరైనా కేకేసి అడగండి! మెయిను తిప్పారో లేదో ఎవరైనా…

…ఆ టకటక చప్పుడేంటి? గోడకున్న గొట్టాలా?

గొట్టాలు కొట్టుకుంటున్నాయంటే స్టీము బయల్దేరింది. వదినా, తిప్పేశాడు బాబాయి. వాల్వుల జోలికి వెళ్ళకండి!

…నేను చెప్తే మూస్తారా? ఏది మూడోదో నన్ను చెప్పమంటారా? బాణం ఎడం నుంచి… వద్దు. వద్దు వదినా. పేరు జారింది ఒక్క ఫొటోనా, రెండా? ఇప్పుడు అన్నీ చెరిపేశాను, నాకే గుర్తు లేదు. మళ్ళీ తప్పు చెప్తే? ఈసారి కూడా నన్ను నమ్మి తప్పుది మూసి నిలబడితే? నన్ను నమ్మకండి. మనిషిని లాగండి. చొక్కా అందుతోందా? కాలరు అందుతోందా? జుట్టు పట్టుకోండి! ఏది అందితే అది పట్టుకుని లాగండి!

లాగండి వదినా…

వదినా?

…ఆ శబ్దమేంటి…

వదినా! ఏవండీ!

హలో… హలో…

ఎవరో ఒకరు మాట్లాడండి. ఆ బుస్సుమనే చప్పుడు తప్ప నాకేం వినపడట్లేదు. ఎవరో ఒకరు మాట్లాడండి అమ్మా…

నేనిక్కడ ఒక్కదాన్నే ఉన్నానండీ. అందరూ భోజనాలకి వెళ్ళారు. ఈ గదిలో ఫ్యాను తిరగడం తప్ప ఏం కదలట్లేదు. ఎవరో ఒకరు…

ఏవండీ, నేను రాయను ఇంకెప్పుడూ. ఏమీ రాయను. ఇంట్లో ఉంటాను. మీరు పైకి రండి చాలు. దేవుడా, ఆయన్ని పైకి తీసుకురా. నేనింకేం అడగను…

…హలో?

హలో! ఎవరు? వదినా, మీరేనా?

…వచ్చారా?

వచ్చారా వదినా?

…కాళ్ళు… కాళ్ళు కూడా వచ్చాయా? మొత్తం మనిషి వచ్చారా?

…బూటు ఒకటి లోపలే ఉండిపోయిందా. ఉండిపోనీండి. దాని మొహం మండ. బూటు పోతే పోయింది.

ఒక్కసారి ఇవ్వండి. కాదు, వద్దు, మాట్లాడలేరేమో… మాట్లాడతారా? ఇవ్వండి. ఇవ్వండి.

ఏవండీ.

…ఊఁ.

…ఏం లేదు. ఊరికే. మీ గొంతు విందామని.

…ఒళ్ళు ఎక్కడైనా కాలిందా? నిజం చెప్పండి. మీకు నిజం చెప్పే అలవాటు తక్కువ.

…మడమా? మడమ ఒక్కటేనా? ఎర్రబడిందంతేనా?… బొబ్బలొచ్చాయా?… సరే. సరే. దగ్గు వస్తోందా? నీళ్ళు తాగండి. దగ్గు ఆగేదాకా మాట్లాడకండి, నేనే మాట్లాడతాను.

నవ్వకండి. ఇప్పుడు కూడా నవ్వేనా? మీ నవ్వు వింటే ఏడుపొస్తోంది నాకు.

…ఏంటి? మూడోదాని అసలు వాల్వు ఏదో చెప్పాలా?

ఎందుకు?

…మళ్ళీ దిగుతారా!

…మీకేమైనా మతి ఉందా? స్టీము కట్టించి, చల్లారాక, సరైన వాల్వు నేను చెప్తే తాళం వేసుకుని దిగి పని ముగిస్తారా? 'నువ్వు చెప్పు, నేను వేస్తా' అంటున్నారా? ఇంత జరిగాక కూడా నేను చెప్తే వేస్తారా!

చెప్పను. నేను చెప్పను. ఇవాళ ఆ ట్యాంకులోకి ఎవరూ దిగరు. మేనేజరు వచ్చి కాళ్ళ మీద పడినా దిగరు. ముందు ఆ బిళ్ళలు తీసి దేనిది దానికి తగిలించమనండి. గొట్టం పట్టుకుని చివరిదాకా నడిచి చూసి తగిలించమనండి. నా ఫైలు చూసి కాదు.

…అవును, నా ఫైలే. నా ఫైలయినా సరే. ఏవండీ, ఒక్కటి మాత్రం వినండి. నేను రాసినా సరే, ఈసారి నుంచి మీరు అనుమానంగా చూడండి. పరాయివాళ్ళు రాసినట్టు చూడండి. అప్పుడు నేను ఏమీ అనుకోను. నన్ను నమ్మకపోతేనే నాకు నిద్ర పడుతుంది.

…ఊఁ. సరే. అలాగే. కూర్చోండి మీరు. వదినకివ్వండి.

వదినా.

…ఏం చెప్పను వదినా. మీరు లేకపోతే… ఆ రోజు మిమ్మల్ని నేనన్న మాటలన్నీ నోరు జారి అన్నవి కావు. కావాలనే అన్నాను. అవన్నీ వెనక్కి తీసుకుంటున్నాను. ఇప్పుడు తీసుకోకపోతే ఇంకెప్పుడూ తీసుకోలేను.

…మీరూనా? సరేలెండి. మీరు నన్నన్నవి ఉంచేయండి. వాటిలో ఒకటి రెండు నిజమే.

అక్కడ అంత గోలేంటి?… ఎవరో నీళ్ళు తెమ్మంటున్నారు. నీళ్ళెందుకు? ఆయన మడమకా?

…బకెట్టుతోనా? మడమకి బకెట్టెందుకు?

…వదినా.

ఎవరికి నీళ్ళు?

…'ఏం లేదు' అంటే ఏంటి? ఎవరికని అడుగుతున్నా. పక్కన ఆవిడెవరో 'చీర అంటుకుపోయింది, లాగొద్దు' అంటోంది. మీ తమ్ముడు చీర కట్టుకోరు కదా. ఎవరి చీర?

వదినా, ఎవరి చీర?

…ఏ చెయ్యి?

…మోచేయి దాకానా?

మూతలోకి చెయ్యి పెట్టారు. చెయ్యి పెట్టి కాలరు పట్టుకుని… వదల్లేదా? స్టీము చెయ్యి మీదుగా వచ్చినా వదల్లేదా మీరు!

నేనే కదా అన్నాను. ఏది అందితే అది పట్టుకుని లాగండని నేనే కదా…

…ఇంతసేపూ నాతో మామూలుగా మాట్లాడుతున్నారే! నేనేమో మీ తమ్ముడి మడమ, బూటు అంటూ వాగుతున్నాను. ఒక్క మాట చెప్పొచ్చు కదా వదినా. ఒక్కసారి అబ్బా అనొచ్చు కదా…

…ఆయనకి తెలియనివ్వొద్దా? తెలిస్తే ఏం? తెలియాలి. ఆయనకీ తెలియాలి, నాకూ తెలియాలి, అందరికీ తెలియాలి.

వస్తున్నాను. బయల్దేరాను. ఇదిగో, మెట్లు దిగుతున్నాను. బండి దొరికితే బండి, లేకపోతే పరిగెత్తి వస్తాను.

…రావొద్దంటారేంటి? మీరు వద్దంటే నేను ఆగానా ఎప్పుడైనా?

వదినా, ఇంక మాట్లాడకండి. చీర ఎవరినీ లాగనివ్వకండి. ఆ చెయ్యి నీళ్ళ కింద పెట్టండి. ఫోను పక్కన పెట్టేయండి. కట్ చేయొద్దు, బల్ల మీదో, నేల మీదో ఊరికే అలా పెట్టండి. నీళ్ళ చప్పుడు వినపడితే చాలు నాకు.

…పెట్టారా?

ఆ. వినపడుతోంది.